టైటిల్ కార్డుకెక్కని రాతగాళ్లు
సీన్లకు సీన్లు రాసిచ్చిన ఘోస్ట్ రైటర్ల పేర్లు తెర మీద పడకపోవడం తెలుగు సినిమాలో మామూలైపోయింది. కథా చర్చల సిట్టింగుల్లో ముగ్గురు నలుగురు కుర్రాళ్లు తలా ఒక వెర్షన్ రాస్తారు. ఒకరి లీడుకు, అంటే పంచ్‌కు దారితీసే మాటకు, ఇంకొకరి పంచ్ అతికించి ఫెయిర్ చేశాక బౌండ్ స్క్రిప్టు, అంటే షూటింగుకు సిద్ధమైన పూర్తి స్క్రిప్టు మీద మిగిలేది పెద్ద రచయిత పేరొక్కటే. డబ్బు చేతికిస్తారు, అదీ ఇస్తే. కాగితం మాత్రం ఉండదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో కూడిన రాతకోతలు లేని హక్కుల బదిలీ చెల్లదు. హక్కులు అమ్ముకున్నా ఇది నా రచన అని చెప్పుకునే వీలు 57వ సెక్షన్ కింద ఉంటుంది. కానీ రాసింది తానేనన్న రుజువే ఉండదు. అందుకే ప్రతి వెర్షన్‌నూ సీన్ నంబరు, తేదీ వేసి ఈమెయిల్‌లోనే పంపాలి, పారితోషికం వోచరు మీద అవే నంబర్లు రాయించాలి. ఆ వోచర్లు చూడకుండా రచయితల సంఘం బౌండ్ స్క్రిప్టును రిజిస్టర్ చేయకూడదు.