ఆకురాయి చేతికి అలవాటు కావద్దా?

సంపాదకులకు,

ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. అది పూర్తిచేసి మా వర్క్‌షాపుకు వచ్చే కుర్రాళ్లలో చాలామందికి ఇనుమును అరగదీసే ఆకురాయి పట్టుకోవడమే రావడం లేదు. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి రాకాలి, లంబకోణం సరిచూసే మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూడాలి. సందులోంచి సన్నని వెలుగు గీత కనిపిస్తే మళ్లీ రాకాలి. ముందుకు తోసేటప్పుడే నొక్కాలి, వెనక్కి లాగేటప్పుడు ఒత్తిడి తీసేయాలి. ఇది పుస్తకంలోనూ ఉంది. చేతికి ఎక్కడానికి మాత్రం నాకు నెలలు పట్టింది. మొదట్లో నేను రాకిన ముక్కలన్నీ అంచుల్లో అరిగి, నడుమ ఉబ్బేవి. మా మేస్త్రి వాటిని గుమ్మడికాయలనేవారు! కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలుండగా ఇదంతా దేనికని కొందరు అంటారు. యంత్రం చేసిన భాగం అమరకపోతే సరిచేసేది ఈ చేతులే. ఐటీఐల వారూ, ప్రాక్టికల్ గంటలను రికార్డుల్లో మాత్రమే నింపడం మాని, పిల్లలకు సరిపడా ఇనుము ఇవ్వండి.

– ఒక ఫిట్టర్, హైదరాబాద్