నీలం తామర పొట్లాలు కొన్నవాళ్ళకి

సంక్రాంతి తర్వాత మన నర్సరీలో తామర గింజల పొట్లాలు పెట్టాను. పొట్లానికి అయిదు గింజలు, డెబ్బై రూపాయలు. పైన గులాబీ, తెలుపు, నీలం అని రంగులు రాసి ఉంటాయి. హోల్‌సేల్‌లో తెచ్చాను, రాసి ఉన్నదాన్నే నమ్మి అమ్మాను. ఇక అమ్మను.

నీలం రంగు తామర లేదండి. నీలం అని ఫొటోల్లో చూపించేది కలువ. నీలోత్పలం అంటే నల్లకలువ అని చిన్నప్పుడే చదువుకున్నాం, అయినా బేరం దగ్గర గుర్తు రాలేదు. మిగతా రంగులకీ హామీ లేదు. గింజ నుంచి వచ్చే మొక్క తల్లి మొక్కలాగే పూస్తుందని చెప్పలేం. ఫలానా రంగే కావాలంటే దుంప పెట్టుకోవాల్సిందే.

రెండో తప్పు నా నోటిది. "నీళ్ళలో వేస్తే చాలండి, అదే వస్తుంది" అని అందరికీ చెప్పాను. పటమట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఏమయ్యా, నెల రోజులు నానబెట్టాను, గోళీకాయల్లా అలాగే ఉన్నాయి" అన్నారు. ఉంటాయి మరి. తామర గింజ పెంకు నీటిని లోపలికి రానివ్వదు. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన గింజ ఒకటి సుమారు 1,300 ఏళ్ళ తర్వాత మొలిచిందంటే ఆ పెంకు చలవే. మీ గిన్నెలో నెల రోజులు దానికో లెక్కా?

కాబట్టి గింజలు పారేయకండి. ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) మీద ఒక కొనని రుద్దండి. నల్లటి పెంకు అరిగి, లోపల లేత పసుపు పప్పు కనబడగానే ఆపేయాలి. ఇంకా రుద్దితే లోపలున్న పచ్చటి మొలక దెబ్బతింటుంది. నేను మొదటిసారి గ్రైండింగ్ మిషన్ పెట్టి నాలుగు గింజలు నాశనం చేశాను. చేత్తోనే చేయండి. రుద్దిన గింజని గాజు గ్లాసులో వేసి రోజూ నీళ్ళు మార్చండి. ఒకటి రెండు రోజుల్లో ఉబ్బుతుంది, వారం లోపు పచ్చటి మొలక బయటికొస్తుంది. నీళ్ళు కంపు కొడితే ఆ గింజ పోయినట్టే. మన బెజవాడ ఎండల్లో గ్లాసుని డాబా మీద మాత్రం పెట్టకండి, ఉడికిపోతుంది.

మూడు నాలుగు ఆకులు, కాసిని వేర్లు వచ్చాక కన్నం లేని టబ్బులో నల్లరేగడి మట్టి వేసి నాటండి. పేడ ఎరువు ఇప్పుడే వద్దు, లేత వేరు కుళ్ళుతుంది. నాలుగు గప్పీ చేపలు వదిలితే దోమల గొడవ ఉండదు.

అన్నట్టు, ఒకావిడ కిరాణా కొట్లో కొన్న ఫూల్ మఖానా నానబెట్టి, మొలక రాలేదని నా మీదికొచ్చారు. దాన్నీ తామర గింజలనే అమ్ముతారు గానీ అది వేరే నీటి మొక్క గింజ, పైగా వేయించి పేల్చింది. ఆ పాపం నాది కాదు!

ఈ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పువ్వు వస్తుందా అంటే, ఆశ పెట్టుకోవద్దు. గింజ మొక్క పూతకి సాధారణంగా ఏడాది పైనే పడుతుంది.

పొట్లం కొన్నవాళ్ళు ఖాళీ కవరు తెచ్చినా డబ్బు ఇచ్చేస్తాను. డబ్బు వద్దనుకుంటే మాఘమాసంలో టబ్బులు విడదీసేటప్పుడు ఒక గులాబీ దుంప ఇస్తాను, పేరు రాయించుకుని వెళ్ళండి. సాయంత్రం అయిదు తర్వాత రండి. అంతకు ముందైతే మోచేతుల దాకా బురదలో ఉంటాను, నోట్లు లెక్కపెట్టలేను.