ఫైనల్ ఫాంటసీ గొడవ, ఆదివారం మీటింగ్

తమ్ముళ్లూ, రాత్రి నుంచి గ్రూపులో వాదన బాగా వేడెక్కింది. ఫైనల్ ఫాంటసీ వీడియో గేమ్ సిరీస్‌లో ‘వంతులు లేకుండా పోరాటమంతా ఆగకుండా సాగే పదహారో భాగం అసలు ఫైనల్ ఫాంటసీయే కాదు’ అనడం నాకు నచ్చలేదు. 1987 నుంచి ఈ సిరీస్ ఒక్కచోట ఆగిందెప్పుడు? 1991లో, నాలుగో భాగంలోనే, మనం ఆలోచిస్తూ కూర్చుంటే శత్రువు ఆగకుండా కొట్టే పద్ధతి తెచ్చారు. 2001లో పదో భాగం మళ్లీ పూర్తిగా వంతులవారీ ఆటకు, అంటే ఒకరి తర్వాత ఒకరు కొట్టే పద్ధతికి, వెళ్లింది.

పదహారులో నాకు నిజంగా బాధనిపించింది వేరే. కథానాయకుడు క్లైవ్ ఒక్కడే మన చేతిలో ఉంటాడు. కుక్క టోర్గల్‌కి తప్ప తోటివాళ్లెవరికీ ఆజ్ఞలివ్వలేం. జట్టుని నడిపించడమే నా దృష్టిలో ఈ సిరీస్‌కి ప్రాణం. 2020లో వచ్చిన ఏడో భాగం రీమేక్ వేగాన్నీ, జట్టునీ రెండింటినీ నిలబెట్టింది, ఆ దారిలో వెళ్తే చాలు.

ఆదివారం సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర కలుద్దాం. పదహారుతోనే మొదలెట్టిన కుర్రాళ్లని మాత్రం ఎవరూ వెక్కిరించొద్దు, ప్లీజ్.