పది రాగాలు, డిస్కో బీటు: మార్చి వినికిడి సభ జమా ఖర్చుల వివరణ

శ్రోత మిత్రులకు నమస్కారం.

మార్చి రెండో ఆదివారం నల్లకుంటలో జరిగిన వినికిడి సభకు ఎంత వచ్చింది, ఎంత పోయింది అనే లెక్క ఇది. చందా కట్టినవాళ్లలో సగం మంది ఆ రోజు రాలేకపోయారు. వాళ్లకు ఒట్టి అంకెలు చూపిస్తే "ఒక్క రికార్డు వినడానికి నలభై వేలా?" అనిపిస్తుంది. ఇద్దరు ఇప్పటికే ఆ మాట అనేశారు. అందుకని డబ్బు ఎక్కడ పోయిందో చెప్పే చోట, దానితో ఏం వినపడిందో కూడా రాస్తున్నాం. ఓపిక లేనివాళ్లు మొత్తాలు చూసుకుని వదిలేయొచ్చు.

విన్న రికార్డు చరణ్‌జీత్ సింగ్ 1982లో చేసిన "సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్". హెచ్.ఎం.వి. లేబుల్ మీద గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా వేసింది. ఆయన బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన వాద్యకారుడు. సినిమాల్లో ఎక్కడ చూసినా డిస్కో మోగుతున్న రోజుల్లో, అదే బీటు మీద రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందని తబలాను పక్కన పెట్టేశారు. ఆయన ముందున్నవి మూడు రోలాండ్ యంత్రాలు: జూపిటర్-8 కీబోర్డు, టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్. రికార్డు అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. ఎడో బౌమన్ అనే డచ్ సేకర్తకు ఢిల్లీలో ఒక ప్రతి దొరికి, 2010లో ఆయన బాంబే కనెక్షన్ లేబుల్ మీద మళ్లీ వేసేదాకా మన దేశంలోనే దాదాపు ఎవరికీ గుర్తు లేదు. మళ్లీ వచ్చినప్పుడు కూడా, ఎవరో ఇప్పటివాళ్లు చేసి పాత తేదీ తగిలించారని విదేశాల్లో చాలామంది అనుమానపడ్డారు. ఆ అనుమానానికి కారణం కింద సౌండ్ ఖర్చు దగ్గర వస్తుంది.

ముందు జమ.

సభ్యుల చందా, 34 మంది, తలా రూ. 500: రూ. 17,000
విడి విరాళాలు, ఐదుగురు: రూ. 9,500
గుమ్మం దగ్గర ప్రవేశం, 41 మంది, తలా రూ. 200: రూ. 8,200
టీ, బజ్జీల దగ్గర పెట్టిన డబ్బా: రూ. 2,310
కిందటి సభ మిగులు: రూ. 3,640
మొత్తం జమ: రూ. 40,650

విరాళాల్లో రూ. 5,000 డాలస్‌లో ఉంటున్న ఒక పాత సభ్యుడు పంపినవి. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. మిగతా నలుగురివి కలిపి రూ. 4,500. ఇంకొకరు సభలో అందరి ముందూ లేచి వెయ్యి రూపాయలు ప్రకటించారు, చప్పట్లు కూడా కొట్టాం. అది ఇంకా చేతికి రాలేదు కాబట్టి జమలో చూపలేదు. ఆయన పేరు కూడా వేయడం లేదు, కారణం వేరు.

ఇక ఖర్చు. హాలు అద్దె రూ. 6,000, కరెంటుకు విడిగా రూ. 1,000. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ నడపాల్సి వచ్చింది, దాని డీజిలుకు రూ. 900. సంగీతం నేర్పే చోటు కాబట్టి గోడలకు మందపాటి పరదాలు ఉన్నాయి, ఫంక్షన్ హాలులో లాగా శబ్దం తిరిగి కొట్టలేదు. ఈ డబ్బు మీద ఎవరూ ఏమీ అడగలేదు.

అడిగింది సౌండ్ గురించి. రెండు పెద్ద స్పీకర్లు, బేస్ మాత్రమే మోగించే సబ్ వూఫర్లు రెండు, ఆంప్లిఫయర్, మిక్సర్, ఆపరేటర్ కూలి కలిపి రూ. 14,500. తెచ్చి, తిరిగి దించడానికి ట్రాలీ ఆటో కిరాయి రూ. 1,800. మొత్తం ఖర్చులో మూడో వంతుకు మించి ఇక్కడే పోయింది. "యాభై, అరవై మందికి పెళ్లి బరాత్ సౌండ్ ఎందుకు? మా ఇంట్లో మంచి స్పీకర్లున్నాయి, తెచ్చేవాణ్ణి కదా" అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన స్పీకర్లు నిజంగా మంచివే. గాత్రానికి, వీణకు అంతకంటే అక్కర్లేదు. కానీ ఈ రికార్డులో సగం సంగీతం బాగా మంద్రంగా, బేస్‌లో ఉంది. ఫోన్లో విన్నవాళ్లకు ఇది ఎవరో కీబోర్డు మీద రాగాలు సాధన చేస్తున్నట్టే వినిపిస్తుంది. కమిటీలో మాకు కూడా మొదట్లో అలాగే వినిపించింది.

సభలో మాటలతో వాదించకుండా ఆపరేటర్ చేత ఒక పని చేయించాం. మాల్‌కౌన్స్ ట్రాక్ రెండుసార్లు వేశాం, మొదటిసారి సబ్ వూఫర్లు ఆపి, రెండోసారి వేసి. మొదటిసారి అందరూ పై పాటనే విన్నారు. రెండోసారి 303 బేస్ వరస నేల మీద నుంచి వచ్చింది. షడ్జం చుట్టూ చిన్న చిన్న స్వరాల గొలుసు ఒకటే తిరుగుతూ ఉంటుంది, అలసిపోదు. దాని కింద 808 డ్రమ్ము నాలుగు దెబ్బలూ సమానంగా. తంబురా చేసే పనిని ఆ గొలుసు చేస్తోందని, అది కదలకపోవడం వల్లే పై రాగం నిలబడిందని అప్పుడు తెలిసింది. కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, మారుస్తూ పాటను ముందుకు నెట్టే పద్ధతి ఇందులో లేదు. ఒకే ఆధార స్వరం, ఒకే నడక, దాని మీద మెల్లగా మారే రంగులు. తర్వాతి కాలంలో టెక్నో, ట్రాన్స్ అనే డాన్స్ సంగీతాలు చేసినవాళ్లు పట్టుకున్న మార్గం కూడా ఇదే. ఆ పెద్దాయన తర్వాత సౌండ్ మాట ఎత్తలేదు, రూ. 14,500 మీద మా సమాధానం ఇదే.

అనుమానం సంగతి. టీబీ-303ని రోలాండ్ వాళ్లు 1981 చివర్లో తెచ్చారు, గిటారు సాధన చేసుకునేవాళ్లకు తోడుగా బేస్ వాయించే పెట్టెగా. బేస్ గిటారులా అసలు వినిపించదు కాబట్టి ఎవరూ పెద్దగా కొనలేదు, 1984లో తయారీ ఆపేశారు. పాత సామాన్ల కొట్లకు చేరిన ఆ పెట్టెల్లో ఒకటి షికాగోలో ఫ్యూచర్ అనే బృందం చేతికి చిక్కింది. వాళ్లు దాని గుండీలు ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ చేసిన "ఆసిడ్ ట్రాక్స్" 1987లో వచ్చింది. ఆ తరహా డాన్స్ సంగీతానికి ఆసిడ్ హౌస్ అనే మాట అక్కడి నుంచే పాకింది. అదే పెట్టె, అదే జారుడు బేస్ అంతకు ఐదేళ్ల ముందు బొంబాయిలో, అదీ భైరవి మీద వినిపిస్తే ఎవరు నమ్ముతారు?

దీని మీద సభలో గంట చర్చ నడిచింది. "ఆసిడ్ హౌస్ కనిపెట్టింది మనమే" అని కుర్రాళ్లు, "అమ్ముడుపోని రికార్డు నుంచి ఎవరు నేర్చుకుంటారు" అని ఇంకొందరు. కమిటీ అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాం: షికాగో వాళ్లు దీన్ని విని చేయలేదు. ఆ పెట్టెలో పదహారు మెట్ల వరస ఉంటుంది, ఏ స్వరం ఏ స్వరంలోకి జారాలో, ఏది గట్టిగా పలకాలో మీట నొక్కి చెప్పొచ్చు. దాన్ని నిజమైన బేస్ గిటారులా మోగించాలన్న పట్టుదల వదిలేసిన ఎవరి చేతిలోనైనా అది ఇటువైపే వస్తుంది. సింగ్ గారికి రాగం అడ్డుపడింది కాబట్టి ఆ పట్టుదల వదిలేశారు. షికాగో వాళ్లకు అసలు ఆ పట్టుదలే లేదు. రికార్డు ప్రభావం 2010 తర్వాత మొదలైంది. దాని పుణ్యాన ఆయన డెబ్బై ఏళ్లు దాటాక యూరప్ వేదికల మీద అవే యంత్రాలతో వాయించారు. 2015 జూలైలో ముంబయిలో పోయారు.

పోలిక కోసం ఒక సభ్యుడు తన సీడీ తెచ్చి జర్మన్ సంగీతకారుడు మానుయెల్ గెట్షింగ్ "ఇ2-ఇ4" మొదటి పది నిమిషాలు వినిపించారు. అది 1981 డిసెంబరులో పశ్చిమ బెర్లిన్‌లో ఒకే ఊపులో రికార్డు చేసిన గంట సంగీతం, 1984లో విడుదలైంది. రెండు కార్డ్‌ల మధ్యే ఊగుతుంది. దీనికి మనకు ఖర్చు సున్నా. పూర్తిగా వేయండని చాలామంది అడిగారు కానీ హాలు టైము చాలలేదు.

రికార్డుకు రూ. 5,200. ఇది 2010 ముద్రణ ప్రతి, సెకండ్ హ్యాండ్. ఒరిజినల్ హెచ్.ఎం.వి. ప్రతి ఎందుకు కొనలేదని చందాదారులు ముగ్గురు అడిగారు. ఒక చోట ఉందని తెలిసి వాకబు చేశాం. చెప్పిన ధర మన మొత్తం జమ కంటే ఎక్కువ. ఆ ప్రతి గీతలు పడి ఉంది కూడా. దాన్ని కొంటే అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడమే తప్ప వినడానికి డబ్బు మిగలదు. టర్న్‌టేబుల్ ఒక సభ్యురాలు ఊరికే ఇచ్చారు. పాత సూది కొత్త రికార్డును పాడుచేస్తుందని ఆవిడే హెచ్చరించారు, అందుకని కొత్త సూదికి రూ. 2,400. డబ్బు తీసుకుని నలుగురిలో వినిపిస్తున్నాం కాబట్టి లైసెన్సు తీసుకున్నాం, రూ. 2,950. "ఎవరు అడుగుతారండీ" అన్నవాళ్లు కమిటీలోనే ఉన్నారు. అడగరనే మాట నిజమే కావచ్చు. వాద్యకారుల పని గురించి ఇంత మాట్లాడుకుంటూ ఆ డబ్బు ఎగ్గొట్టడం బాగుండదని మెజారిటీ.

పోస్టర్లకు, రాగాల కాగితం జిరాక్సులకు రూ. 640. ఈ కాగితమే సభలో అందరికీ బాగా పనికొచ్చింది. రికార్డులో రాగాల వరస ఇది: భైరవి, లలిత్, భూపాలి, తోడి, మధువంతి, మేఘ్ మల్హార్, యమన్, కళావతి, మాల్‌కౌన్స్, బైరాగి. ఒక్కోటి దాదాపు ఐదు నిమిషాలు. పక్కన మన వైపు దగ్గరి రాగం ఏదో వేశాం. భూపాలి మన మోహన, మాల్‌కౌన్స్ హిందోళం, కళావతి వలజి, బైరాగి రేవతి, యమన్ కల్యాణికి దగ్గర, మధువంతి ధర్మవతికి దగ్గర, మేఘ్ మధ్యమావతి స్వరాలు. తిరకాసు తోడి దగ్గర. హిందుస్తానీ తోడి స్వరాలు మన శుభపంతువరాళివి, మన తోడి స్వరాలేమో వాళ్ల భైరవిలో ఉంటాయి. నాలుగో ట్రాక్ మొదలవగానే వెనక వరసలో "ఇది తోడి కాదు" అని గుసగుసలు లేచాయి, కాగితం తిరగేశాక సద్దుమణిగాయి. లలిత్‌కు ఎదురుగా గీత పెట్టి వదిలేశాం. పంచమం లేకుండా, రెండు మధ్యమాలు పక్కపక్కన పలికే రాగానికి సరిజోడు అంటూ మన వైపు చూపించలేం.

వీణ వాయించిన అమ్మగారికి తాంబూలంలో రూ. 2,000, శాలువా రూ. 450. ఆవిడ మాల్‌కౌన్స్ ట్రాక్‌కు ముందు హిందోళం పది నిమిషాలు వాయించారు. తర్వాత రికార్డు విని చెప్పిన మాట సభలో అన్నిటికంటే పనికొచ్చింది. జారు బాగుంది, కంపితం లేదు అన్నారు. కీబోర్డు స్వరాన్ని స్వరంలోకి లాగగలదు కానీ ఒకే స్వరాన్ని వీణ మీద ఊపినట్టు ఊపలేదు, అందుకే భూపాలి, బైరాగి లాంటివి ఈ రికార్డులో హాయిగా ఉన్నాయి, గమకం మీద బతికే రాగాన్ని ఈ పెట్టె మీద పెడితే ఎండిపోతుంది అని వివరించారు. ఒక కుర్రాడు లేచి, "మేం డాన్స్ ఫ్లోర్ మీద వినేది ఆ ఊపు కాదండీ, కింద తిరిగే గొలుసు" అన్నాడు. "అది నాకూ వినపడింది నాయనా, నా తంబురాకి అన్నిసార్లు సుతి చెయ్యాలి, దానికి అక్కర్లేదు" అన్నారావిడ. తాంబూలం ఇంకొంచెం పెద్దది ఇవ్వాల్సిందని మాకు అనిపించింది, జమ సహకరించలేదు.

టీ, మిర్చి బజ్జీలకు రూ. 3,180. డబ్బాలో పడింది రూ. 2,310. తేడా రూ. 870. ఎవరు ఎన్ని బజ్జీలు తిన్నారో మాకు తెలుసు.

మొత్తం ఖర్చు: రూ. 41,020
మొత్తం జమ: రూ. 40,650
లోటు: రూ. 370

ఈ లోటును ప్రస్తుతానికి కోశాధికారి చేతి నుంచి పెట్టారు. ప్రకటించిన వెయ్యి రూపాయలు వస్తే అందులోంచి ఆ రూ. 370 తిరిగి ఇచ్చి, మిగిలిన రూ. 630 వచ్చే సభ ఖాతాలో వేస్తాం. రాకపోతే తర్వాతి చందాలో సర్దుతాం, కోశాధికారి ఒప్పుకున్నారు.

బిల్లులు, రసీదులు ఫైల్లో ఉన్నాయి. హాలు ఆఫీసులో ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు వరకు చందాదారులు ఎవరైనా చూసుకోవచ్చు. ట్రాలీ ఆటోకు రసీదు లేదు, డ్రైవరుకు ఫోన్లో వేసిన డబ్బు వివరం ప్రింటు తీసి పెట్టాం.

రికార్డు, సూది కమిటీ ఆస్తిగా రిజిస్టరులో రాశాం. రికార్డును ఇంటికి తీసుకెళ్తామని ఏడుగురు అడిగారు. ఇవ్వడానికి అభ్యంతరం లేదు, ఒక్కొక్కరికి వారం గడువు, అడిగిన వరసలోనే. సూది మాత్రం ఇవ్వం. ఎవరి టర్న్‌టేబుల్‌కు వాళ్ల సూది ఉండాలి, అది అరిగి ఉంటే ముందు అదే మార్చుకుని రావాలి.