మూత తీయకు, తల్లీ

తల్లీ,

స్లో కుక్కర్‌లో నువ్వు చేసిన చికెన్, పుట్టగొడుగుల స్ట్యూ ఫోటో నిన్న పంపావు కదా, అది మీ అమ్మకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇది స్ట్యూనా, గిన్నె కడిగిన నీళ్లా?" అంది. అంత మాట నేను అనలేను కానీ, ఎనిమిది గంటలు ఉడికిన వంటకం అలా పాలిపోయి ఉండటం చూస్తే నాకూ కష్టంగానే అనిపించింది. పైగా "కుక్కరే మంచిది కాదు, ఎవరికైనా ఇచ్చేస్తాను" అని రాశావు. తొందరపడకు. పాపం, దాని తప్పేమీ లేదు. దానికి తెలిసిన పని ఒక్కటే, సన్న సెగ వదలకుండా పెట్టడం. మిగతా పనులు కూడా అదే చూసుకుంటుందని నువ్వు అన్నీ పచ్చిగా పడేసి ఆఫీసుకు వెళ్లిపోయావు.

ఫోటోలో నాకు మూడు తప్పులు కనిపించాయి. చికెన్ బ్రెస్ట్ ముక్కలు వేశావు. పుట్టగొడుగులు పచ్చివే తరిగి వేశావు. పొయ్యి మీద వండినట్లు అన్నీ మునిగేదాకా నీళ్లు పోశావు. ఆదివారం మళ్లీ చేస్తానన్నావు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫోనులో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు.

ముందు ఆ పాత్ర సంగతి తెలుసుకో. చాలా స్లో కుక్కర్లు 150 నుంచి 300 వాట్ల మధ్య నడుస్తాయి, అంటే ఇస్త్రీ పెట్టె తీసుకునే కరెంటులో చిన్న వంతు. చుట్టూ ఉన్న తీగ నుంచి పింగాణీ గిన్నె గోడలకు, గోడల నుంచి పులుసుకు వేడి మెల్లగా పాకుతుంది. మీట 'లో' (తక్కువ) మీద పెట్టినా 'హై' (ఎక్కువ) మీద పెట్టినా చాలావాటిలో చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి, నీళ్లు మరిగే వేడికి కాస్త దిగువకు. ఎంత త్వరగా చేరుతుందన్నదే తేడా. దీన్ని తయారుచేసిన ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్‌కు 1940లో పేటెంటు వచ్చింది. లిథువేనియాలో తన చిన్నతనంలో ఇంటి కూర కుండను బేకరీకి పంపితే, రాత్రంతా ఆ పొయ్యిలో మిగిలిన వేడికే ఉడికేదని ఆయన తల్లి చెప్పిన కథే దానికి మూలం. చల్లారుతున్న పొయ్యి గుర్తుంచుకో, నీ కుక్కర్ స్వభావం అర్థమవుతుంది. అది ఉడికిస్తుంది. ఎర్రగా వేయించడం మాత్రం దాని వల్ల కాదు.

మాంసం ఎర్రబడుతుంటే ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది చూడు, అది ప్రొటీన్లూ చక్కెరలూ గట్టి వేడి మీద కలిసినప్పుడు జరిగే మార్పు. 1912లో లూయీ కమీల్ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తడిలో ఉన్న ముక్క నూరు డిగ్రీలు దాటదు కనుక కుక్కర్ లోపల ఆ మార్పు దాదాపు జరగదు. ఆ రుచి కావాలంటే మూత పెట్టేలోపే, పెనం మీద, నీ చేత్తో తెచ్చుకోవాలి. ముప్పావు గంట పని. ఆ ముప్పావు గంట ఎగ్గొట్టడానికే కదా కుక్కర్ కొన్నానంటావు. ఎగ్గొడితే వచ్చేది నిన్నటి ఫోటో.

నలుగురికి సరిపడా కొలతలు చెబుతాను. ఎముకతో ఉన్న తొడ ముక్కలు ఒక కిలో, చర్మం తీసేసినవి. చర్మం ఎంత కరకరలాడేలా వేయించినా ఆవిరిలో రబ్బరులా సాగుతుంది. పుట్టగొడుగులు 400 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు రెండు, క్యారెట్లు మూడు, బంగాళాదుంపలు 400 గ్రాములు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, మైదా రెండు పెద్ద చెంచాలు, చికెన్ స్టాక్ (ఎముకలు ఉడికించి వడగట్టిన నీళ్లు) 300 మిల్లీలీటర్లు. థైమ్ ఆకు, మిరియాల పొడి, ఉప్పు నీ నోటికి తగినట్లు.

తొడ ముక్కలే ఎందుకంటే, వాటిలో కొలాజెన్ ఎక్కువ. కండను పట్టి ఉంచే ఈ గట్టి పదార్థం సన్న సెగ మీద గంటలకొద్దీ ఉంటే కరిగి జిగురులాంటి జెలటిన్ అవుతుంది. ముక్క పీచుకట్టకుండా ఉండేదీ, పులుసు పెదవులకు కాస్త అంటుకునేదీ దాని వల్లనే. బ్రెస్ట్‌లో అది తక్కువ, కరగడానికి ఏమీ లేక ఉన్న నీరంతా పిండేసుకుని రంపపు పొట్టులా మిగులుతుంది. చికెన్ ఏ ముక్కైనా లోపల 74 డిగ్రీలు చేరితే తినడానికి భయం లేదు. కానీ తొడ ముక్కకు ఆ వేడి చాలదు, 85 దాటాకే ఎముక నుంచి ఊడి వస్తుంది. కుళాయి కింద మాత్రం కడగకు. ఆ తుంపర్లు గట్టు మీదా గిన్నెల మీదా పడి క్రిములను అంటిస్తాయి. కాగితంతో తడి అద్ది, ఉప్పూ మిరియాలూ రాసి, మైదా పైపైన చల్లి, వేడి పెనంలో రెండు వైపులా నాలుగేసి నిమిషాలు ఎర్రబడనివ్వు. లోపల ఉడకక్కరలేదు.

ఇక పుట్టగొడుగులు. ఇక్కడ మాత్రం నా మాట పొల్లుపోకుండా వినాలి. వాటి బరువులో తొంభై శాతానికి పైగా నీరే. పచ్చిగా వేస్తే ఆ నీరంతా పులుసులోకి దిగుతుంది, మూత కింద నుంచి దానికి బయటపడే దారి లేదు. నీ స్ట్యూ పలుచనైంది సగం అందుకే. మందపాటి ముక్కలుగా కోసి, వెడల్పాటి పెనంలో కాస్త నూనె వేసి, పెద్ద మంట మీద ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచు. ఒకేసారి పట్టవు, రెండు మూడు విడతలు చెయ్యి. ఉప్పు ఇప్పుడే వద్దు. గరిటె పక్కన పెట్టి చెవి పెట్టు. మొదట సుయ్‌మంటాయి. తరువాత ఆ చప్పుడు అణిగి, బూడిద రంగు నీళ్లు ఊరి, ముక్కలు అందులో ఈదుతుంటే ఏదో పాడైపోయినట్లే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి దించేస్తారు. నువ్వు దించకు. ఆ నీళ్లు ఇగిరిపోయాక మళ్లీ చప్పుడు మొదలవుతుంది, ఈసారి పొడిగా, చిటపటమంటూ. అప్పుడు ఒక ముక్క తిరగేసి చూడు. సగానికి సగం కుదించుకుపోయి, అంచులు రాగి రంగు తేలి, వేయించిన గింజల వాసన వేస్తుంది. ఇప్పుడు ఉప్పు చల్లి దించు.

అంత వేయించి మళ్లీ ఆరు గంటలు ఉడికిస్తే గుజ్జయిపోవా అని అడుగుతావు. అవవు. కూరగాయల కణాలను అతికించి ఉంచే పెక్టిన్ వేడికి కరుగుతుంది, అందుకే క్యారెట్ మెత్తబడుతుంది. పుట్టగొడుగు కణాల గోడల్లో ఉండేది కైటిన్. రొయ్య పెంకులో ఉండేదీ అదే. వంటింటి వేడికి అది కరగదు. ఆ గిన్నెలో కాలానికి లొంగనిది అదొక్కటే. మీ అమ్మ "నీలాగే" అంటోంది, ఎవరి గురించో నాకు తెలియదు.

ఎండు షిటాకే పుట్టగొడుగులు దొరికితే ఒక గుప్పెడు వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు గుడ్డలో వడగట్టి స్టాక్‌లో కొంత భాగంగా పోసెయ్యి. మాంసంలోనూ పుట్టగొడుగుల్లోనూ కమ్మదనం ఇచ్చే గ్లుటమేట్ ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో దాన్ని సముద్రపు నాచు నుంచి వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఎండు షిటాకేలో ఉండే గ్వానిలేట్ అనే పదార్థం దానికి తోడైతే రుచి రెండింతలకు మించి ఎక్కుతుంది. దొరకకపోతే వదిలేయి, దాని కోసం ఊరంతా తిరగవద్దు.

అదే పెనంలో ఉల్లిపాయలు మెత్తబడేదాకా వేయించి, వెల్లుల్లి వేసి, అర నిమిషం ఆగి స్టాక్ పోసెయ్యి. అడుగున గోధుమ రంగులో అంటుకున్న పొరను చెక్క గరిటెతో గోకి అందులో కలిపేయి. ఎంతోమంది ఆ పెనాన్ని నేరుగా తొట్టిలో పడేస్తారు, అసలు రుచి అందులోనే పోతుంది.

కుక్కర్‌లో వేసే వరుస మామూలు అలవాటుకు తలకిందులు. మాంసం కంటే దుంపలే ఆలస్యంగా ఉడుకుతాయి కనుక క్యారెట్, బంగాళాదుంప రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు కోసి అడుగున పరుచు. వాటి మీద చికెన్, పైన పుట్టగొడుగులు, ఆఖరున పెనంలోని ఉల్లిపాయల పులుసు. ముక్కలు సగం మునిగితే చాలు. "ఇంత తక్కువా!" అని భయపడి ఇంకో గ్లాసు పోసేవు సుమా. ఇక్కడ ఆవిరి పైకి పోదు, మూతకు తగిలి చుక్కలై మళ్లీ కిందికే జారుతుంది. పైగా చికెన్ తన నీరు తాను వదులుతుంది. గిన్నె సగానికి తగ్గకుండా, మూడింట రెండు వంతులు దాటకుండా నిండితే సెగ సరిగ్గా అందుతుంది.

'లో' మీద ఆరు గంటలు, తొందరైతే 'హై' మీద మూడున్నర. ఆ తరువాత దాన్ని వదిలేసి వెళ్లు. నిజంగా వెళ్లు. మూత తీసిన ప్రతిసారీ లోపలి వేడి జారిపోతుంది, మళ్లీ పుంజుకోవడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది. మొదటిసారి చేసినప్పుడు నేను గంటకోసారి తీసి కలుపుతూ కూర్చున్నాను. రాత్రి పదింటికి కూడా దుంపలు కటకటలాడుతున్నాయి. అంతటితో ఆగానా? పులుసు తగ్గిందేమోనని కాగుతున్న గిన్నెలో చల్లటి నీళ్లు పోశాను. టప్పుమని ఒకే చప్పుడు. అడుగు నుంచి అంచుదాకా పింగాణీ పగిలి, పులుసంతా గట్టు మీద పారింది. మీ అమ్మ ఆ సంగతి ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డకట్టిన చికెన్ మాత్రం ఎప్పుడూ వేయకు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు పెరుగుతాయి. ఈ కుక్కర్ అసలే నిదానం, మంచుముక్క వేస్తే ఆ మధ్యలోనే గంటలు గడుస్తాయి. నువ్వు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే మారుమాట లేకుండా పారేయి. 'వార్మ్' అన్న మీట ఉడికాక వేడిగా ఉంచడానికే, వండటానికి కాదు.

ఇంకో అరగంటలో అయిపోతుందనగా ఒక్కసారి మూత తీయవచ్చు. పలుచగా ఉంటే చెంచాడు కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి పోసి 'హై' మీద పెట్టు. క్రీము వేయాలనుకుంటే అదీ చివరి పావుగంటలోనే, ముందే వేస్తే విరుగుతుంది. ఉప్పు అప్పుడే రుచి చూడు. చివర నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆ బరువైన రుచి కాస్త తేలికపడుతుంది. మీ అమ్మ వద్దంటుంది, నేను పిండుతాను.

మిగిలినది రెండు గంటల్లోపు లోతు లేని డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టు, మూడు రోజుల్లో తినేయి. చల్లారిన పులుసు జున్నులా పేరుకుని కనిపిస్తే బాగా కుదిరినట్లే, అది నీ జెలటిన్. మళ్లీ వేడి చేయడం పొయ్యి మీదే, కుతకుతలాడేదాకా. కుక్కర్‌లో కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఒక ఫోటో పంపు. మూత తీయకుండా, మూసి ఉన్నట్లే. గాజు మీద ఆవిరి తప్ప ఏమీ కనిపించకూడదు.

నాన్న