ఆటకొచ్చే పిల్లల్ని ఖాళీ కడుపుతో పంపకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మండల స్థాయి ఎంపికలు దగ్గర పడ్డాయి. రోజూ పొద్దున ఆరింటికే మన గ్రౌండులో కబడ్డీ, ఖోఖో, పరుగు సాధన మొదలవుతోంది. అందుకే ఈసారి మార్కుల సంగతి పక్కన పెట్టి పిల్లల తిండి గురించి రాస్తున్నాను. రెండో రౌండుకే కళ్లు తిరుగుతున్నాయని చెట్టు కింద కూలబడే పిల్లల్ని కదిలిస్తే "ఏమీ తినలేదు సార్" అంటున్నారు. పెద్ద తరగతుల అబ్బాయిలు కొందరైతే టిఫిన్ మానేసి, ప్రొటీన్ పొడి నీళ్లలో కలుపుకుని తాగి వస్తున్నారు. ఈ రెండు అలవాట్లూ ఇంట్లోనే మానిపించాలి.

రాత్రి తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి, కొంత గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. పెద్దవాళ్లలో అయితే కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల దాకా ఉంటుంది. పిల్లల్లో ఇంకా తక్కువ. మనం నిద్రపోతున్నా మెదడుకు గ్లూకోజు కావాలి కాబట్టి కాలేయంలోని నిల్వ రాత్రంతా కరుగుతూనే ఉంటుంది, తెల్లారేసరికి చాలావరకు తరిగిపోతుంది. కాళ్ల కండరాల్లో నిల్వ ఉన్నా, కండరం తన గ్లూకోజును తిరిగి రక్తంలోకి వదలదు. అందుకే కాళ్లలో సత్తువ ఉన్న పిల్లవాడికి కూడా తల తిరుగుతుంది. పాపం, వాడిది బద్ధకం కాదు.

"ఒంట్లో కొవ్వు ఉంది కదా, అది కరగదా?" అని కొందరు అడిగారు. కరుగుతుంది. గ్రాము కొవ్వులో 9 కిలోకేలరీలుంటే, పిండిపదార్థంలో 4 మాత్రమే. అయితే కొవ్వు గాదెలో పోసిన వడ్లు, గ్లైకోజెన్ డబ్బాలో ఉన్న బియ్యం. కొవ్వును విడగొట్టి కండరం దాకా చేర్చడానికి సమయం పడుతుంది, కాల్చడానికి ఆక్సిజనూ ఎక్కువ కావాలి. నడుస్తున్నప్పుడు, నెమ్మదిగా పరుగెత్తేటప్పుడు అది బాగా పనికొస్తుంది. వేగం పెంచేకొద్దీ శరీరం పిండిపదార్థం వైపు మళ్లుతుంది.

కబడ్డీనే చూడండి. రైడుకు 30 సెకన్లు. గీత దాటి ఒక్కసారిగా దూకిన క్షణాల్లో కండరంలో సిద్ధంగా ఉన్న శక్తి ఖర్చవుతుంది, అది పది సెకన్లకు మించి రాదు. ఆ తర్వాత పెనుగులాటంతా గ్లైకోజెన్‌తోనే. తిరిగొచ్చి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు కొవ్వు కూడా చేయి కలుపుతుంది. రెండో అర్ధభాగంలో మన పిల్లలు చతికిలబడుతున్నారంటే, ముందు వాళ్లు ఏం తిన్నారో అడగాలి.

ఇక ప్రొటీన్. కండరం పెరగడానికి, సాధనలో అరిగినదాన్ని బాగుచేయడానికి అది తప్పనిసరి. ఆటలో ఖర్చయ్యే శక్తిలో మాత్రం దాని వాటా మామూలుగా నూటికి ఐదు, పది వంతుల లోపే. గ్లైకోజెన్ తగ్గిపోతే ఆ వాటా పెరుగుతుంది. అంటే టిఫిన్ మానేసి పొడి తాగే పిల్లవాడు కండ కోసం కొన్నదాన్ని కొంత ఇంధనంగా తగలేస్తున్నాడు. 13-15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 45 గ్రాములు, అమ్మాయికి 43 గ్రాముల ప్రొటీన్ చాలని మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. రోజంతటికీ పావు కిలో బియ్యం, గుప్పెడు కందిపప్పు, ఒక గుడ్డు, గ్లాసు పాలు, కాసిని వేరుశెనగలు ఉంటే ఆ లెక్క సరిపోతుంది. కండ పెంచడానికి ప్రొటీన్ పొడులు వద్దని ఆ సంస్థే 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. వేల రూపాయలు పోసి డబ్బాలు కొనే బదులు ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పల్లీలు కొనండి.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే ఆక్సిజన్ చాలదు, ఎంత తిన్నా త్వరగా ఆయాసం వస్తుంది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతోందో లేదో అడగండి. కడుపులో తిప్పుతోందని పారేస్తుంటే మాకు చెప్పండి, తిన్నాక ఇప్పిస్తాం.

బరువు తగ్గాలని పిల్లల్ని పస్తుంచి పరుగెత్తించకండి. ఆ గంటలో కొవ్వు కాస్త ఎక్కువ కరిగినా, బరువు తగ్గేదీ లేనిదీ మొత్తం మీద తిన్నదాన్ని బట్టి, ఆడినదాన్ని బట్టి ఉంటుంది. పైగా ఆకలి మీద బడి ముందు బజ్జీల బండి దగ్గర ఆగుతారు.

సాధనకు అరగంట, ముప్పావుగంట ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో, బెల్లం వేసిన రాగిజావో పెట్టండి. పెరుగు కలిపిన చద్దన్నం నాలుగు ముద్దలైనా బాగుంటుంది, దాన్ని చూసి పిల్లలు సిగ్గుపడనక్కర్లేదు. పూరీలు, వడలు మాత్రం అప్పుడు వద్దు, నూనె త్వరగా అరగదు. సాధన అయ్యాక పెసరట్టు, గుడ్డు, పల్లీలు వేసిన ఉప్మా వంటివి బాక్సులో కట్టి పంపండి. ఉపవాసమో, రోజానో ఉంటే డైరీలో రాయండి, ఆ రోజు పీఈటీ సార్ తేలికపాటి సాధనే చేయిస్తారు.

తెల్లవారుజామునే కూలికో, డ్యూటీకో వెళ్లే ఇళ్లలో ఇది కుదరకపోవచ్చు. సోమవారం నుంచి పీఈటీ సార్ గదిలో అరటిపళ్లు, బెల్లం, పల్లీలు ఉంచుతున్నాం. మీ పిల్లలను 5:45కల్లా పంపండి, తిన్నాకే గ్రౌండులోకి దింపుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు