పక్కింటివాళ్ళ బూట్లు

అబర్డీన్
ఫిబ్రవరి 2, 2025

అమ్మలూ,

మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్ బయట నువ్వు తీసి పంపిన ఫొటో చూశాను. డెనిస్ లాతో కలిపి ముగ్గురు పాత ఆటగాళ్ళ విగ్రహాల కాళ్ళ దగ్గర పూలు, ఎర్ర కండువాలు. దాని కింద నీ ప్రశ్న కూడా చూశాను. "ఎవరు ఏ గోల్ వైపు కొడుతున్నారో సగం ఆట అయ్యేదాకా తెలియని మనిషివి, డెనిస్ లా పోయాడని అన్నం మానేశావట, ఎందుకు నాన్నా?" అన్నావు. అన్నం మానలేదు, ఆలస్యంగా తిన్నాను. మీ అమ్మ చెప్పే వార్తల్లో సగం తీసేసి వినాలని నీకు ఇన్నేళ్ళకూ తెలియలేదు.

ఫోనులో చెప్పవచ్చు. కానీ ఫోనులో అయితే నువ్వు మధ్యలో నవ్వుతావు, నేను మాట మార్చేస్తాను. పన్నెండేళ్ళుగా అదే చేస్తున్నాను. అందుకే ఈ కాగితం.

జనవరి 17, శుక్రవారం ఆయన పోయాడు. ఎనభై నాలుగేళ్ళు. మర్నాడు నేను బస్సెక్కి ప్రొవోస్ట్ స్కీన్స్ హౌస్ దగ్గరున్న విగ్రహం దాకా వెళ్ళాను. నువ్వు మాంచెస్టర్ వెళ్ళిన తరువాత పెట్టారు దాన్ని, 2021లో. కుడిచేయి పైకెత్తి, చొక్కా చేతి అంచును వేళ్ళతో బిగించి పట్టుకుని నిలబడి ఉంటాడు. గోల్ కొట్టిన ప్రతిసారీ అలాగే నిలబడేవాడట. విగ్రహమంటే మెడలో దండ ఉండాలనుకునే ఊరివాణ్ని కదా, చేతిలో పూలగుత్తి పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తెల్లమొహం వేశాను. పక్కన ఒక ముసలావిడ తన కండువా తీసి కింద పరిచింది. నేనూ పూలు కిందే పెట్టి వచ్చేశాను.

మనం వచ్చిన కొత్తలో ఉడ్‌సైడ్‌లో అద్దెకున్న ఇల్లు గుర్తుందా? మెట్ల మీద ఎప్పుడూ తడి గోడల వాసన వచ్చేది. అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ప్రింట్‌ఫీల్డ్ టెర్రస్. 1940 ఫిబ్రవరి 24న డెనిస్ లా పుట్టింది ఆ వీధిలోనే. తండ్రి జార్జ్ చేపల పడవ మీద పనివాడు, తల్లి రొబీనా. ఏడుగురు పిల్లల్లో ఇతను ఆఖరివాడు. మునిసిపాలిటీవాళ్ళు కట్టించిన ఇరుకు ఇల్లు. పన్నెండేళ్ళు వచ్చేదాకా కాళ్ళకు ఏమీ లేకుండానే తిరిగాడంటారు. మా ఊళ్ళో అయితే అది వార్తే కాదు, నేనూ అలాగే తిరిగాను. కానీ నా కాళ్ళ కింద వెచ్చటి మట్టి ఉండేది, వాడి కాళ్ళ కింద అబర్డీన్ జనవరి. ఇంత లేమిలోనూ ఊళ్ళోని పేరున్న గ్రామర్ స్కూల్లో సీటు వస్తే వద్దన్నాడు. అక్కడ రగ్బీ ఆడిస్తారు, ఫుట్‌బాల్ ఉండదు అని.

ఇదంతా నాకు చెప్పింది మన కింది అంతస్తు తాత. చేపల మార్కెట్‌లో పనిచేసి రిటైరయిన మనిషి, నీకు ఎప్పుడూ పిప్పరమెంట్లు ఇచ్చేవాడు, ఆయనే. మొదటి ఆరు నెలలు ఆయన మాటలో నాకు పదోవంతు అర్థమయ్యేది. అయినా వినేవాణ్ని. సాయంత్రాలు మాట్లాడటానికి మరొకరు లేరు. ఒకరోజు నిన్ను చూసి, నా మొహం చూసి, తన వేలితో తన కన్నే చూపించుకుంటూ, "లా కూడా ఇంతే" అన్నాడు.

మెల్లకన్ను. అయిదేళ్ళ వయసు నుంచీ డెనిస్ లాకు కళ్ళద్దాలు. ఆటలో అద్దాలు తీసేసి, ఒక కన్ను మూసుకుని ఆడేవాడు. రెండూ తెరిస్తే కుదరదు మరి. ఒంటికన్నుతో బంతి ఎంత దూరంలో ఉందో అంచనా వెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. క్రికెట్‌లో నా చేతుల్లోకి వచ్చిన క్యాచ్ ఒక్కటీ నిలిచేది కాదు. చివరికి నన్ను అంపైర్‌గా నిలబెట్టారు, తరువాత అదీ వద్దన్నారు. "ఒరేయ్, వాడు చూసేది నిన్నా నన్నా?" అనేది మా బడిలో రోజూ పేలే జోకు. మా నాయనమ్మ మాత్రం "మెల్లకన్ను అదృష్టంరా" అనేది. ఆ అదృష్టం కోసం ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళలేదు. మా పెళ్ళి ఫొటోల్లో రాత్రి పదకొండింటి ముహూర్తానికి నేను నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చోవడం చూసి నువ్వు పొట్ట పట్టుకుని నవ్వేదానివి, సినిమా పిచ్చి అనుకుని. సినిమా పిచ్చి కాదమ్మా.

నీకు రెండేళ్ళప్పుడు దీపం వెలుగులో నీ ఎడమకన్ను లోపలికి తిరగడం మొదట చూసింది నేనే. మీ అమ్మకు రెండు రోజులు చెప్పలేదు. ఆ తరువాతివన్నీ నీకూ కొంత గుర్తుండాలి. బాగున్న కంటికి పట్టీ వేసి, మూలన కూర్చున్న కంటితో పని చేయించడం. పొద్దున్నే అంటించిన పట్టీ సాయంత్రం తీసేటప్పుడు కనుబొమ్మ వెంట్రుకలు కూడా ఊడి వచ్చేవి. నువ్వు ఏడవకుండా ఉండాలని మీ అమ్మ ఆ పట్టీ మీద స్కెచ్ పెన్నుతో రోజుకో పువ్వు వేసేది. ఆపరేషన్ అయ్యాక కన్ను తిన్నగా నిలబడింది, కళ్ళద్దాలు మాత్రం మిగిలాయి.

తాత మాటల్లో నన్ను బాగా పట్టుకున్నది హడర్స్‌ఫీల్డ్ కథ. 1955లో, పదిహేనేళ్ళకు, డెనిస్ ఆ క్లబ్‌కు పరీక్షకు వెళ్ళాడు. మేనేజర్ ఆండీ బీటీ చూసి, ఇంత బక్కగా, నీరసంగా, కళ్ళద్దాలు పెట్టుకున్న పిల్లవాడు ఆటగాడేమిటని విస్తుపోయాడట. అయినా తీసుకున్నారు. క్లబ్‌లో ఉండగానే కంటి ఆపరేషన్ జరిగింది. తలెత్తి మనుషుల్ని చూడగలిగే ధైర్యం తనకు దానితోనే వచ్చిందని తరువాత చెప్పుకున్నాడు. బిల్ షాంక్లీ మేనేజర్ అయ్యాక మాంసం, పాలు పెట్టి మేపాడు. 1956లో క్రిస్మస్ ముందురోజు మొదటి మ్యాచ్, అప్పటికి పదహారేళ్ళు. పద్దెనిమిదికి స్కాట్లాండ్ జట్టు.

ఆ తరువాతిది మాంచెస్టర్‌లో నువ్వు ఏ టాక్సీ డ్రైవర్‌ను అడిగినా చెబుతాడు. 1960లో మాంచెస్టర్ సిటీ 55,000 పౌండ్లు ఇచ్చి కొనుక్కుంది, బ్రిటన్‌లో అప్పటికి అదే రికార్డు. ఏడాదికి ఇటలీలో టొరినో క్లబ్. అక్కడ నిండా ఒక్క ఏడాది. తోటి ఆటగాడు జో బేకర్ నడుపుతున్న కారు బోల్తా పడి అతను చావు అంచు దాకా వెళ్ళొచ్చాడు, ఇతను చిన్న గాయాలతో బయటపడ్డాడు. 1962లో మాంచెస్టర్ యునైటెడ్ 1,15,000 పౌండ్లకు ఇంగ్లండ్‌కు తెచ్చుకుంది. 404 మ్యాచ్‌లు, 237 గోల్స్. 1964లో ఐరోపా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్. స్కాట్లాండ్‌వాళ్ళలో అది అందుకున్నవాడు ఈరోజుకీ ఆయనొక్కడే.

తాతకు ఈ అంకెలు పట్టేవి కావు. ఆయనకు ఇష్టమైనది లెక్కలోకి రాని ఆట. 1961 జనవరిలో ల్యూటన్ మీద కప్పు మ్యాచ్. సిటీ రెండు గోల్స్ వెనకబడింది. లా ఒక్కడే ఆరు కొట్టాడు. 6-2. ఇంకా ఇరవై నిమిషాల ఆట ఉందనగా వానకు మైదానం చెరువైపోయి రిఫరీ ఆట ఆపేశాడు. ఆరు గోల్సూ చిత్తు కాగితమే. మళ్ళీ ఆడితే సిటీ 3-1తో ఓడిపోయింది. ఆ ఒక్కటీ కొట్టింది కూడా లానే. ఇది చెప్పి తాత దగ్గుతూ నవ్వేవాడు. 1966లో ఇంగ్లండ్ ప్రపంచకప్పు గెలుస్తున్న మధ్యాహ్నం, చూడటం ఇష్టంలేక లా గోల్ఫ్ ఆడటానికి పోయాడన్నది కూడా తాతకు మహా ఇష్టమైన ముక్క. 1968లో యునైటెడ్ యూరోపియన్ కప్పు గెలిచిన రాత్రి మాత్రం ఆయన మోకాలి ఆపరేషన్‌తో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. నువ్వు ఫొటో తీసిన ముగ్గురిలో ఇద్దరు ఆ రాత్రి మైదానంలో ఉంటే, మూడోవాడు టీవీలో చూశాడు.

1974 కథ చెప్పేటప్పుడు తాత నవ్వేవాడు కాదు. అంతకుముందు ఏడాది యునైటెడ్ లాను వదిలేసింది. అబర్డీన్‌లో తనవాళ్ళ దగ్గరికి వచ్చి ఉండగా ఆ సంగతి టీవీలో విన్నాడట. మళ్ళీ సిటీలో చేరాడు. ఏప్రిల్ 27న, అదే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, చివరి నిమిషాల్లో గోల్‌కు వీపు పెట్టి ఉన్న మనిషి మడమతో బంతిని వెనక్కి తోశాడు. అది లోపలికి పోయింది. చేయి పైకి లేవలేదు. తోటివాళ్ళు వచ్చి మీద పడుతుంటే ఎవరో పోయారన్నట్టు తల వంచుకుని నడిచాడు. యునైటెడ్ కింది డివిజన్‌కు జారిపోయింది. ఆ రోజు మిగతా ఫలితాలను బట్టి ఈ గోల్ లేకపోయినా జారిపోయేదే. ఆ లెక్క ఆయన మనసుకు ఎక్కలేదు. ఆ దృశ్యం యూట్యూబ్‌లో ఉంది, గోల్ కాదు, ఆయన మొహం చూడు.

ఇంటి సంగతులు తాత కన్నా నేను చదివి తెలుసుకున్నవే ఎక్కువ. 1962 డిసెంబర్‌లో ఈ అబర్డీన్‌లోనే డయానాను పెళ్ళి చేసుకున్నాడు. నలుగురు కొడుకులు, ఒక కూతురు. ఆ కూతురు పెద్దయ్యాక యునైటెడ్ క్లబ్‌లోనే పత్రికలవాళ్ళతో మాట్లాడే ఉద్యోగం చేసింది. తండ్రిని అవసరం తీరాక వదిలేసిన చోటికే కూతురు పనికి వెళ్ళడం, తండ్రి పంపడం! నాకైతే చేతకాదు, పగ పట్టేవాణ్ని.

2021లో తనకు మతిమరుపు జబ్బు వచ్చిందని ఆయనే చెప్పాడు. దాచకుండా, చెప్పగలిగే స్థితి ఉండగానే. గ్లాస్గో విశ్వవిద్యాలయంవాళ్ళు 2019లో తేల్చిన విషయం నువ్వు వినే ఉంటావు. 7,676 మంది పాత స్కాటిష్ ఆటగాళ్ళ వివరాలు తీస్తే, మెదడు క్షీణించే జబ్బులతో పోయేవాళ్ళు మామూలు జనంలో కన్నా మూడున్నర రెట్లు ఉన్నారట. నానిన తోలు బంతిని ఏళ్ళ తరబడి తలతో కొట్టడమే కారణమని చాలామంది అనుమానం. ఆ మరుసటి ఏడాదే ఇక్కడ స్కాట్లాండ్‌లో పన్నెండేళ్ళలోపు పిల్లలకు సాధనలో తలతో కొట్టించడం మాన్పించారు. డెనిస్ లా గాలిలోకి లేచి తలతో కొడితే ఆపేవాడు లేడని తాత గొప్పగా చెప్పేవాడు. ఎవరికి తెలుసు అప్పుడు?

ఇదంతా చెప్పి ఇక్కడిదాకా సాగదీశాను. అసలు సంగతి రాయడానికి చేయి రావడంలేదు.

నీకు పదేళ్ళప్పుడు, 2013 సెప్టెంబర్‌లో, బడి నుంచి ఒక కాగితం తెచ్చావు. శనివారం ఫుట్‌బాల్ జట్టుకు నిన్ను తీసుకుంటామని, తల్లిదండ్రుల సంతకం కావాలని. కళ్ళద్దాల పిల్లలకు వేరే రకం గట్టి అద్దాలు దొరుకుతాయని టీచర్ కింద చేత్తో రాసింది కూడా. నేను ఆ రాత్రి వంటగదిలో నిలబడి చాలాసేపు దాన్ని చూశాను. బంతి వచ్చి నీ అద్దాల మీద తగిలినట్టు, అంత కష్టపడి నిలబెట్టిన కన్ను పోయినట్టు కనిపించింది. 'వద్దు' అన్న గడిలో టిక్కు పెట్టి, కవరులో పెట్టి, జిగురు అంటించి నీ బ్యాగులో వేశాను. నువ్వే మోసుకెళ్ళి ఇచ్చావు.

సాయంత్రం వచ్చి, "కళ్ళద్దాలున్నాయని నన్ను తీసుకోలేదు నాన్నా" అన్నావు. నీకు నువ్వే అలా అనుకున్నావు. నేను కాదనలేదు. నీకు ఐస్‌క్రీమ్ కొనిచ్చాను. ఆ తరువాత నువ్వు ఆ టీచర్ క్లాసులో మాట్లాడటం మానేశావు, గుర్తుందా? పాపం, ఆవిడ తప్పేమీ లేదు. నాకు దెబ్బ భయం ఒక్కటే కాదమ్మా. మైదానం గట్టున నిలబడి, నిన్ను ఎవరైనా ఆ మాటలు అంటే వినాల్సి వస్తుందని భయం. నా బడి అంతా నా వెనకే వచ్చి నిలబడింది ఆ రాత్రి.

ఇంకొకటి ఉంది. ఆ కాగితం వచ్చిన వారంలో నువ్వు తాతకు జట్టు సంగతి గొప్పగా చెప్పుకున్నావట. ఆయన మనవరాలికి పొట్టివైపోయిన బూట్ల జత ఒకటి, మేకులు శుభ్రంగా కడిగి, కొత్త లేసులు వేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి నాకిచ్చాడు. డెనిస్‌కు మొదటి బూట్లు పక్కింటివాళ్ళు వాడినవేనని, కాబట్టి మొహమాటపడవద్దని చెప్పాడు. నేను తీసుకున్నాను. తరువాత ఆయన అడిగినప్పుడు, పిల్లకు ఆట మీద మనసు పోయిందండీ అన్నాను. ఆయన నన్ను ఒక్క క్షణం తేరిపార చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. మనం ఆ ఇల్లు మారిన ఏడాదికి పోయాడు.

నిన్న అటక మీద వెతికితే ఆ సంచి దొరికింది. ఈ ఉత్తరంతో పాటు పార్సెల్‌లో పంపుతున్నాను. నీ పాదంలో సగం కూడా పట్టవు. లేసులు తాత కట్టిన ముడితోనే ఉన్నాయి, నేను విప్పలేదు.

మీ అమ్మకు ఈ సంగతేదీ తెలియదు. కోపం వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం పొద్దున ఆవిడ గుడికి వెళుతుంది, పది నుంచి పన్నెండు దాకా నేను ఇంట్లో ఒక్కణ్నే ఉంటాను.

నాన్న